అక్కడెందుకు పెట్టారు సార్?

రెండు బళ్లు గుద్దుకుంటే తప్పెవరిదన్న దాని మీద నడిరోడ్డులో గంటసేపు వాదించుకోవచ్చు. హారన్ కొట్టలేదని ఒకరు, ఇండికేటర్ వేయలేదని ఇంకొకరు. ఆగి ఉన్న కారు విషయంలో ఆ అవకాశమే లేదు. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం జేబులో పెట్టుకుని ఇంట్లో ఇడ్లీ తింటున్న మనిషి ఎవరినీ గుద్దలేడు. అయినా సరే, చుట్టూ చేరిన నలుగురిలో ఒకరు తప్పకుండా అడుగుతారు: "అక్కడెందుకు పెట్టారు సార్?"

అడిగేవాళ్లకు చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. రోడ్డు నడిచే బండిదని, ఆగిన బండి దానికి అడ్డమని మన మనసుల్లో పడిపోయింది. ఆ ప్రశ్నకు అర్థం ఉండే సందర్భాలూ లేకపోలేదు. రాత్రిపూట హైవే మీద వెనక లైట్లు లేకుండా లారీ ఆపేసి, డ్రైవర్ దాబాలో భోజనానికి కూర్చుంటే, దాన్ని గుద్దినవాడిది మాత్రమే తప్పు అనలేం. కోర్టులు కూడా అలాంటప్పుడు తప్పును ఇద్దరికీ పంచి, ఆ మేరకు పరిహారం తగ్గిస్తాయి. మలుపులో పెట్టినా, ఎదుటివాళ్ల గేటుకు అడ్డంగా పెట్టినా మాట పడాల్సిందే. కానీ పట్టపగలు, ఇంటి గోడ పక్కన, పద్ధతిగా పెట్టిన కారును గుద్దితే ఆ ప్రశ్న అడగాల్సింది కారు పెట్టినవాణ్ని కాదు.

మొన్న మే నెలలో ఒక ఆదివారం నన్ను అడిగారు. నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు మే నెలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. బోరు అడుగంటుతుంది, సంపు నిండదు, తెల్లవారుజాము నుంచే నీళ్ల ట్యాంకర్లు వరస కడతాయి. ఆ వారం మా సెల్లార్‌లో సంపు లీకేజీ పని జరుగుతోంది. కార్లన్నీ బయట పెట్టుకోమని అసోసియేషన్ వాళ్లు ముందురోజే వాట్సాప్ గ్రూపులో చెప్పారు. నా కారు కాంపౌండ్ గోడకు దగ్గరగా పెట్టి, పక్క అద్దం కూడా మడిచి వచ్చాను. ఆరేళ్ల నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్ అది.

పొద్దున్న ఆరున్నరకు ఇంటర్‌కమ్ మోగింది. మా వాచ్‌మన్‌ది శ్రీకాకుళం జిల్లా. "బాబూ, ఓపాలి కిందకి రండి. మన కారుని ట్యాంకరోడు గుద్దీసినాడు" అన్నాడు. వెళ్లేసరికి ట్యాంకర్ వెనక భాగం నా కారు ఎడమవైపు వెనక మూలకు అతుక్కుని ఉంది. వెనక లైటు పగిలి ముక్కలు రోడ్డు మీద పడ్డాయి. బంపర్ ఒకవైపు ఊడి వేలాడుతోంది. చక్రం పైన రేకు అరచేతి మందాన లోపలికి పోయింది. ట్యాంకర్ పైపు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

డ్రైవర్‌కు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. అచ్చంపేట పక్కన ఏదో తండా అని తర్వాత చెప్పాడు. "రివర్స్‌ల చూస్కోలే సార్. బ్రేక్ తొక్కిన, నీళ్ల బరువుకు ఆగలే" అన్నాడు. వెంటనే జేబులో చెయ్యి పెట్టి, "రెండు వేలు ఇస్తా సార్. ఈడనే అయిపోగొట్టుకుందాం. ఓనర్‌కు మాత్రం చెప్పకుండ్రి" అన్నాడు. పాల ప్యాకెట్ కోసం వచ్చిన పక్క అపార్ట్‌మెంట్ ఆయన అప్పుడే అన్నాడు, అక్కడెందుకు పెట్టారు సార్ అని.

ఇలాంటప్పుడు మొదటి పావుగంట చాలా విలువైనది. ఆ పావుగంటను అరుపులకు ఖర్చు పెట్టేవాళ్లనే ఎక్కువ చూశాను. డ్రైవర్ ట్యాంకర్‌ను ముందుకు తీయబోతుంటే ఆపమని చెప్పి, ముందు ఫొటోలు తీశాను. బళ్లు రెండూ అతుక్కుని ఉన్నప్పుడు దూరం నుంచి ఒకటి, అందులో మా గేటు, గోడ, రోడ్డు వెడల్పు అన్నీ కనపడాలి. తర్వాత రెండు నంబరు ప్లేట్లు ఒకే ఫొటోలో. ట్యాంకర్ వెనక ఇనుప బద్దెకు అంటిన నా కారు రంగు. రోడ్డు మీద పడ్డ లైటు ముక్కలు. బండి పక్కకు తీశాక దెబ్బ తగిలిన చోట దగ్గరగా నాలుగైదు. వీటికి రెండు నిమిషాలు కూడా పట్టదు. కానీ ఒకసారి బండి కదిలాక "ఆ దెబ్బ పాతది" అనడానికి ఎవరికైనా నోరు వస్తుంది.

డ్రైవింగ్ లైసెన్సు అడిగి ఫొటో తీసుకున్నాను. ఇచ్చాడు. బండి తాళం లాక్కోవడం, లైసెన్సు జేబులో వేసుకోవడం మనవాళ్లకు అలవాటు గానీ, అది చేయకూడదు. లైసెన్సు తీసుకునే అధికారం మనకు లేదు, ఆ పని చేస్తే మన మీద కేసు పెట్టే అవకాశం అవతలివాడికి మనమే ఇచ్చినట్టు. ఫొటో చాలు. ఆ తర్వాత ఎం పరివాహన్ యాప్‌లో ట్యాంకర్ నంబరు కొట్టి చూశాను. యజమాని పేరు అక్షరాల మధ్య చుక్కలతో కనపడుతుంది, బండి ఏ రకం, ఫిట్‌నెస్ ఎప్పటి వరకు, బీమా ఎప్పటి వరకు అన్నీ ఉంటాయి. దాని ప్రకారం ట్యాంకర్ బీమా మార్చిలోనే అయిపోయింది.

ఒక్కోసారి యాప్‌లో కొత్త పాలసీ ఎక్కడానికి ఆలస్యం కావచ్చు. అందుకని డ్రైవర్‌ను కాగితం అడిగాను. కేబిన్‌లోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి ఇచ్చాడు. అందులో ఉన్నదీ మార్చిలో ముగిసిన పాలసీయే. అది ముగిసిందన్న సంగతి ఆ అబ్బాయికి తెలియదు. బీమా లేకుండా బండి నడిపినా, నడపనిచ్చినా మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ కింద మొదటిసారికి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అయితే బీమా లేదని తెలియక, అలా అనుకోవడానికి కారణమూ లేక, కేవలం జీతానికి బండి నడిపే డ్రైవర్‌కు ఆ నేరం అంటదు. పిల్లలు సైకిళ్లు తొక్కే సందుల్లో ఐదు వేల లీటర్ల నీళ్లతో వెనక్కి వచ్చే బండి అది. నా కారు సంగతి అప్పుడు కొంచెం చిన్నదిగా కనిపించింది.

ఎదురుగా కిరాణా కొట్టు ఉంది. దాని కెమెరా మా గేటు వైపే చూస్తుంది. హైదరాబాద్ పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీలవాళ్ల చేత, కొట్లవాళ్ల చేత కెమెరాలు పెట్టించారు కదా, దాని పుణ్యమా అని మన సందుల్లో ఇప్పుడు కెమెరా లేని మలుపు తక్కువ. జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు పెట్టాలని, 30 రోజుల రికార్డింగు దాచాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టమే వచ్చింది. కానీ చిన్న కొట్లలో డిస్కు నిండగానే పాతది చెరిగిపోతుంది. వారం, పది రోజులు ఉంటే గొప్ప. అందుకే ఆ రోజే అడగాలి. కొట్టాయన తెలిసినవాడే, వెంటనే చూపించాడు. అయితే ఆ పెట్టెలో గడియారం నలభై నిమిషాలు ముందుంది! స్క్రీన్ మీద టైము, నా ఫోన్‌లో టైము రెండూ కనపడేలా ఒక ఫొటో తీసి పెట్టుకున్నాను. క్లిప్పును పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్నాను. వ్యవహారం కోర్టు దాకా పోతే ఇలాంటి రికార్డింగుకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి, పాత చట్టంలో 65బి అనేవాళ్లు. కాబట్టి అసలు రికార్డింగు ఎవరి దగ్గరుందో గుర్తుంచుకోవాలి.

గుద్దినవాడు ఆగకుండా పోయినప్పుడైతే ఈ కెమెరానే దిక్కు. 134వ సెక్షన్ ప్రకారం ఒకరి ఆస్తికి నష్టం కలిగించిన డ్రైవర్, అక్కడ పోలీసు లేకపోతే, వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోగా దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పాలి. చెప్పకపోతే 187వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా. ఈ సంగతి డ్రైవింగ్ టెస్టుకు వెళ్లే ఎంతమందికి తెలుసో మరి. డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకు చెప్పాడు, టెక్సస్‌లో యజమాని దగ్గర లేని కారును గుద్దితే పేరూ అడ్రసూ రాసి చీటీ పెట్టి వెళ్లాలని చట్టంలోనే ఉందట. వాడి కారుకు ఒకసారి అలాంటి చీటీ దొరికింది. మన దగ్గర వైపర్ కింద దొరికే కాగితాలు ట్యూషన్ సెంటర్‌వీ, బిర్యానీ హోటల్‌వీ.

ఇక డబ్బు సంగతి. ఆ అబ్బాయి ఇస్తానన్న రెండు వేలు తీసుకోలేదు. దయ చూపించాలని కాదు, నష్టం ఎంతో అప్పటికి ఎవరికీ తెలియదు. బంపర్ వెనకాల క్లిప్పులు, లోపలి బ్రాకెట్, లైటు వైరింగు బయటికి కనపడవు. డిక్కీ తలుపు సరిగ్గా పడుతోందా, చక్రం ఎక్కడైనా రాసుకుంటోందా చూడాలి. రోడ్డు మీద నిలబడి అంకె చెప్పే మనిషి మెకానిక్ అయినా సరే నమ్మకూడదు. ఓనర్ నంబరు తీసుకుని, "రెండు రోజుల్లో ఎస్టిమేట్ తెస్తాను, అప్పుడు మాట్లాడదాం" అన్నాను. అబ్బాయి ముఖం మాడిపోయింది. "ఓనర్ తోని నేనే మాట్లాడ్త సార్" అన్నాడు. మాట్లాడమన్నాను, కానీ నేనూ మాట్లాడతానన్నాను.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఎస్టిమేట్ 28,000 వచ్చింది. బంపర్ 4,000, లైటు 4,000, పెయింటింగ్ 12,000, డెంటింగూ బిగింపు కూలీ కలిపి 8,000. మూసాపేటలో నాకు తెలిసిన డెంటింగ్ షెడ్డు మేస్త్రీ చుట్టూ తిరిగి, కింద పడుకుని చూసి, "బంపర్ మార్చనక్కర్లేదు సార్, వెల్డింగ్ పెడతా. లైటు మాత్రం కొత్తది. మొత్తం పద్నాలుగున్నర" అన్నాడు.

బీమా క్లెయిము చేసుకోవచ్చు కదా అని ఇంట్లో అన్నారు. అందరూ అదే అంటారు. పెన్నూ కాగితం తీసుకుని కూర్చున్నాను. నా పాలసీకి జీరో డిప్రిసియేషన్ లేదు. ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు, అంటే బంపర్, లైటు కలిసి 8,000కు 4,000. పెయింటింగ్ ఖర్చులో పావు వంతును రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం కోస్తారు, అంటే 1,500 పోయింది. ఏ క్లెయిముకైనా మన వాటాగా మొదటి 1,000 మనమే పెట్టుకోవాలి, 1500 సీసీ దాటిన కారైతే 2,000. అంతా కలిపి కంపెనీ ఇచ్చేది 21,500, నేను పెట్టుకోవాల్సింది 6,500. ఇక్కడితో ఆగితే బాగానే ఉంది.

కానీ నో క్లెయిమ్ బోనస్ ఉంది. ఐదేళ్లు క్లెయిము లేకుండా నడిపినందుకు నాకు సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గింపు వస్తోంది. ఒక్క క్లెయిముతో అది సున్నా. తర్వాత మళ్లీ 20, 25, 35, 45, 50 అని మెట్లెక్కాలి. అంటే వచ్చే ఐదు రెన్యువల్స్‌లో నేను పోగొట్టుకునేది వరసగా 50, 30, 25, 15, 5 శాతాలు. కూడితే 125 శాతం. బోనస్ తీయకముందు నా ప్రీమియం ఏడాదికి 6,000. అది మారదనుకుంటే 7,500 పోయినట్టు. ముందు చెప్పిన 6,500 కలిపితే 14,000. మూసాపేట మేస్త్రీ అడిగింది 14,500! ఎవరో చేసిన తప్పుకు నా పాలసీని వాడితే నాకు మిగిలేది 500 రూపాయలు. దెబ్బ పెద్దదైతే లెక్క మారుతుంది. జీరో డిప్రిసియేషన్ ఉన్నా, బోనస్ పోకుండా కాపాడే అదనపు కవరు ఉన్నా మారుతుంది. ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాల్సిందే. కానీ వేసుకోకుండా క్లెయిము ఫారం నింపేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఇంకో మాట. క్లెయిముకు వెళ్లాలనుకుంటే ఆలస్యం చేయకుండా కంపెనీకి చెప్పాలి, బండిని రిపేరుకు విప్పకముందే వాళ్లకు చూపించాలి. అవతలివాడి దగ్గర డబ్బు తీసుకుని రాజీ కాగితం రాసేసి, మళ్లీ అదే దెబ్బకు క్లెయిము అడిగితే కుదరదు. అవతలివాడి నుంచి వసూలు చేసుకునే హక్కు మన కంపెనీకి ఉంటుంది, దాన్ని మనం ముందే వదిలేసినట్టవుతుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టే వ్యవహారం కాదిది.

మరి చట్టం చెప్పే దారి ఏది? గుద్దిన బండి థర్డ్ పార్టీ బీమా మన నష్టం కట్టాలి. ఆస్తి నష్టానికి మామూలుగా ఏడున్నర లక్షల వరకు కవరు ఉంటుంది. అయితే అది నేరుగా ఫోన్ చేస్తే వచ్చే డబ్బు కాదు. పోలీసు రికార్డు ఉండాలి, మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల దరఖాస్తు పెట్టాలి. నష్టం 2,000 దాటితే ట్రిబ్యునల్ బదులు సివిల్ కోర్టుకైనా వెళ్లొచ్చని 165వ సెక్షన్‌లో ఉంది. ఆ 2,000 అన్న అంకె చూస్తేనే ఆ సెక్షన్ ఏ కాలం నాటిదో తెలుస్తుంది. స్టేషన్‌కు వెళ్తే ముందు వినిపించే మాట "ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా, మాట్లాడుకోండి" అనే. అయినా ఫిర్యాదు రాసి ఇచ్చి, జనరల్ డైరీలో ఎక్కించమని అడిగి, నంబరు తీసుకోవడం మంచిదే. గుద్దినవాడు దొరకనప్పుడు, బీమాకు వెళ్లాలనుకున్నప్పుడు అది పనికొస్తుంది. నిజం చెప్పాలంటే పద్నాలుగు వేల డెంటు కోసం ట్రిబ్యునల్ మెట్లెక్కే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. పైగా మా ట్యాంకర్‌కు బీమానే లేదు. కట్టాల్సింది యజమానే.

ఆ యజమానికి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. "సార్, మీరు టెన్షన్ పడకండి. వాడు గుద్దిండు, వాడే కడ్తడు. జీతంల కోస్త" అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా వచ్చింది ఆయన నోటి నుంచి. వాడి జీతం ఎంతండీ అని అడిగితే, పదహారు వేలు అన్నాడు. 

ఇలాంటి చోట మనలో చాలామంది ఆగిపోతాం. నా డబ్బు నాకొస్తుంది, ఎవరి జేబులోంచి వస్తే నాకేమిటి అనుకుంటాం. కానీ పనిలో ఉన్న డ్రైవర్ చేసిన నష్టానికి యజమాని బాధ్యుడన్నది ఎప్పటి నుంచో ఉన్న న్యాయసూత్రం. బండి సంపాదించేది ఆయనకు, బీమా కట్టాల్సింది ఆయన. వెనక కెమెరా కాదు కదా, వెనక్కి వచ్చేటప్పుడు అరిచే బజర్ కూడా పని చేయని బండిని, క్లీనర్ లేకుండా ఒక్కణ్నే ఇచ్చి పంపింది ఆయన. తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఆ అబ్బాయి అది ఐదో ట్రిప్పు అని నాకు వాచ్‌మన్ చెప్పాడు. "పద్నాలుగున్నర మీరు కట్టండి, ఆ అబ్బాయి కాదు. ఇంకొకటి, బీమా కట్టకుండా ఆ బండి మా గేటు దగ్గరికి వస్తే నేను స్టేషన్‌లో కాగితం ఇస్తాను. అది నా కారు డబ్బు గురించి కాదు" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు.

రెండో రోజు వచ్చాడు, కొత్త పాలసీ కాపీ పట్టుకుని. కాఫీ తాగాడు. పన్నెండు వేలకు బేరమాడాడు. లైటు కొన్న బిల్లు, మేస్త్రీ రాసిచ్చిన చీటీ చూపించాక పద్నాలుగుకు దిగాను. తెల్లకాగితం మీద తేదీ, రెండు బళ్ల నంబర్లు, ఎక్కడ జరిగింది, ఎంత ఇస్తున్నది, ఈ విషయంలో ఇక ఎవరికీ బాకీ లేదు అని రాశాను. కింద ఇంకో వాక్యం చేర్చాను: ఈ మొత్తం యజమాని సొంతంగా చెల్లిస్తున్నది, డ్రైవర్ జీతం నుంచి కోయరు. ఆయన చదివి నవ్వాడు. "మీరు లాయరా సార్?" అని సంతకం పెట్టాడు. డబ్బు ఫోన్‌లో వేయించుకున్నాను, చేతికి తీసుకోలేదు. అలా అయితే తేదీతో సహా రికార్డు ఉంటుంది.

కారు నాలుగు రోజుల్లో తయారైంది. మేస్త్రీ మంచి పనివాడే. ఎండలో పక్కనుంచి చూస్తే రంగు కొంచెం తేడా తెలుస్తుంది. ఆరేళ్లు ఎండలో మాడిన రంగుకు కొత్త రంగు ఎవరూ కలపలేరు.

ఇదంతా చదివి, మా కార్లు మాల్‌లోనో ఫంక్షన్ హాల్లోనో ఉంటాయి, మాకీ గొడవ లేదు అనుకునేవాళ్లకు ఒక్క మాట. అక్కడ గోడ మీద 'వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు' అని రాసి ఉంటుంది. అది చూసి మనం చల్లబడిపోతాం. తాళం మన దగ్గరే ఉంచుకుని, చీటీ తీసుకుని మనమే పెట్టుకున్న చోట పరిస్థితి వేరు. కానీ తాళం వాళ్ల మనిషి చేతికిచ్చినప్పుడు ఆ బోర్డు వాళ్లను పూర్తిగా కాపాడదు. ఢిల్లీలో ఒక హోటల్ సిబ్బందికి తాళమిచ్చిన కారు చోరీ అయిన కేసులో, 'యజమాని బాధ్యతపైనే పార్కింగ్' అన్న మాట చెప్పి హోటల్ తప్పించుకోలేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కారు తీసుకునేటప్పుడు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, దెబ్బ ఉంటే అక్కడే రాయించాలి. ఇంటికొచ్చాక చూస్తే ఏ హాలూ ఒప్పుకోదు. పెళ్లి భోజనం తర్వాత ఆ ఓపిక ఎవరికుంటుంది అంటారా, అదీ నిజమే.

జూన్ మూడో వారంలో ఒక పొద్దున్న అదే అబ్బాయి నీళ్లు తెచ్చాడు. పైపు సంపులో పెట్టి, గోడకానుకుని నిలబడ్డాడు. కారు బాగైందా సార్ అన్నాడు. అయింది గానీ, ఓనర్ ఏమైనా కోశాడా అని అడిగాను. కాసేపు పైపు వంక చూశాడు. "మూడు వేలు కోసిండు సార్ ఈ నెల. ఇంకో నాలుగు నెలలు కోస్తడంట." ఐదు నెలలకు పదిహేను వేలు. నాకిచ్చినదాని కంటే వెయ్యి ఎక్కువ.

సంతకం పెట్టిన కాగితం నా దగ్గరుంది. జీతం కోతలకు చట్టంలో హద్దులున్నాయి. కానీ నియామక కాగితం లేని, చేతికి చీటీ కూడా రాని ఉద్యోగానికి ఆ చట్టం పట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్లేదెవరు? వెళ్తే మర్నాటి నుంచి బండి ఎవరిస్తారు? ఆ అబ్బాయే అన్నాడు, "మీరు ఏం అనకుండ్రి సార్, పని పోతది" అని. వద్దన్న పని చేయడమా, తెలిసి ఊరుకోవడమా అని రెండు రోజులు తేల్చుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఓనర్‌కు మా అపార్ట్‌మెంట్ నెలాఖరు బిల్లు ఇంకా కట్టాలని.

అసోసియేషన్ మీటింగులో చెప్పాను. ట్రెజరర్‌గారికి విసుగొచ్చింది. "మీ కారు బాగైంది కదండీ, వాళ్ల జీతాల గొడవ మనకెందుకు? రేపు ట్యాంకర్లు ఆపేస్తే?" అన్నారు. ఆయన భయం తీసిపారేసేది కాదు, ఇరవై నాలుగు ఫ్లాట్లకు నీళ్లు ఆయనే చూసుకోవాలి. సెక్రటరీగారు మాత్రం కాగితం రెండుసార్లు చదివారు. అబ్బాయి ప్రస్తావన తేకుండా ఫోన్ చేశారు: "మీ డ్రైవర్లందరి జీతాల సంగతి మా వాళ్లు అడుగుతున్నారు. మీరు రాసిచ్చిన కాగితం ప్రకారం జరుగుతోందని చూపిస్తే బిల్లు వెంటనే వేస్తాం." ఏడు రోజులు ఆలస్యమైంది. ఎనిమిదో రోజు ఓనర్ ఆ అబ్బాయికి మూడు వేలు వేసిన స్క్రీన్‌షాట్ పంపాడు, ఇక కోయనని ఒక మెసేజ్ పెట్టాడు. బిల్లు కట్టేశారు. జూలై నుంచి ట్యాంకర్ రేటు వంద పెంచాడు. గ్రూపులో ఇద్దరు నాకు ఎత్తిపొడుపుగా దండం పెట్టే బొమ్మ పంపారు.

ఇప్పుడు మా గేటు దగ్గర ఒక రిజిస్టరు పెట్టారు. కొత్త ట్యాంకర్ వస్తే నంబరు, బీమా ఏ తేదీ వరకు ఉందో వాచ్‌మన్ రాసుకుంటాడు. బండి వెనక్కి వచ్చేటప్పుడు విజిల్ వేస్తూ పక్కన నడుస్తాడు. ఆ అబ్బాయి ఆగస్టు వరకు వచ్చాడు. తర్వాత వేరేవాడు వస్తున్నాడు. అడిగితే, "వాడు ఊరికి పోయిండు సార్, పత్తి ఏరనీకి" అన్నాడొకసారి. ఇంకోసారి, "ఓలా నడుపుతుండంట" అన్నాడు.